కౌంటర్ దగ్గర ఫోన్ ట్యాప్ చేసి బిల్లు కట్టడం: వాడి చూశాక నా మాట

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఇది బాగా నచ్చింది. పర్సులోంచి కార్డు తీయడం, మెషిన్‌లో దూర్చడం, వెనక నిలబడ్డవాళ్లు చూస్తున్నారేమో అని చెయ్యి అడ్డం పెట్టుకుని పిన్ నొక్కడం, చివర్లో కార్డు వెనక్కి తీసుకున్నానా లేదా అని తడుముకోవడం, ఇదంతా పోయింది. ఫోన్ లాక్ తీసి మెషిన్ దగ్గర పెడితే బీప్ మంటుంది, అంతే. కాకపోతే ఆ "అంతే" అన్నది షాపు షాపుకీ మారిపోతోంది, నా ఫిర్యాదంతా దాని మీదే. ఫోన్ తన వంతు పని దాదాపు ప్రతిసారీ చేస్తోంది. తడబడేది కౌంటర్ అవతలి వైపు. అందుకే ఈ రివ్యూలో యాప్ గురించి తక్కువ, కౌంటర్ గురించి ఎక్కువ ఉంటుంది.

నేను చెప్పేది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం గురించి కాదు. ఆపిల్ పే, గూగుల్ వాలెట్, శామ్‌సంగ్ వాలెట్ లాంటి వాటిలో మన కార్డు పెట్టుకుని, ఫోన్‌ని కార్డు మెషిన్ దగ్గర ఆనించి కట్టడం గురించి. ఇది ఎన్ఎఫ్‌సీ మీద నడుస్తుంది, అంటే 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఒక చిన్న రేడియో, మూడు నాలుగు సెంటీమీటర్లు దాటితే దానికి ఏమీ వినపడదు. క్యూఆర్‌కి అలవాటు పడ్డవాళ్లకి మొదట నమ్మబుద్ధి కాని విషయం ఏమిటంటే, ఆ క్షణంలో మన ఫోన్‌కి నెట్ అక్కర్లేదు. బ్యాంకుతో మాట్లాడేది షాపు వాళ్ల మెషిన్, మనం కాదు. సెల్లార్‌లో ఉండే సూపర్ మార్కెట్‌లో ఒక్క గీత సిగ్నల్ కూడా లేనప్పుడు నా ఫోన్‌తో బిల్లు కట్టాను, పక్క కౌంటర్‌లో స్కాన్ చేస్తున్నాయన ఫోన్ పట్టుకుని మెట్ల దాకా వెళ్లి వచ్చాడు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాలెట్ వాడేవాళ్లు మాత్రం మధ్యమధ్యలో ఫోన్‌ని నెట్‌కి కలుపుతూ ఉండాలి, ఎందుకంటే అది కొద్దిపాటి చెల్లింపులకు సరిపడా సమాచారమే ముందుగా తెచ్చి పెట్టుకుంటుంది, అది అయిపోతే మళ్లీ తెచ్చుకోవాలి.

సెటప్ గురించి పెద్దగా చెప్పేది లేదు. కార్డు ఫొటో తీయడమో నంబరు కొట్టడమో, బ్యాంకు పంపిన ఓటీపీ ఇవ్వడమో, ఐదు నిమిషాల పని. ఫోన్‌కి స్క్రీన్ లాక్ తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే కార్డు ఎక్కించనివ్వదు. అది మంచిదే.

ఇక అసలు కథ కౌంటర్ దగ్గర. మెషిన్‌లో మన ఫోన్‌ని చదివే భాగం ఎక్కడుందో కనిపెట్టడమే ఇందులో మొదటి పని, అది ఒక్కో మెషిన్‌లో ఒక్కో చోట ఉంటుంది. కొన్నింటికి స్క్రీన్ మీదే, కొన్నింటికి పైన బిల్లు కాగితం వచ్చే చోట, కొన్నింటికి పక్కన విడిగా అతికించిన చిన్న డబ్బా మీద. నాలుగు వంకర గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉన్న గుర్తు ఎక్కడుందో వెతకండి, ఫోన్ పెట్టాల్సింది అక్కడే. ఆ గుర్తు అరిగిపోయి ఉంటుంది, లేదా దాని మీదే షాపు వాళ్లు ఏదో ఆఫర్ స్టిక్కర్ అంటించి ఉంటారు. ఇటు ఫోన్ సంగతీ అంతే. ఐఫోన్‌కి యాంటెన్నా పై అంచున ఉంటుంది కాబట్టి పై భాగాన్ని చూపిస్తే చాలు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి అది వెనక మధ్యలోనో కెమెరా కిందో ఉంటుంది, అంటే వీపు మొత్తం ఆనించాలి. ఫోన్ అంచు చూపిస్తూ నిలబడితే ఎంతసేపైనా ఏమీ జరగదు. ఒకసారి మీ ఫోన్‌కి అది ఎక్కడుందో తెలుసుకుంటే తర్వాత చెయ్యే చూసుకుంటుంది. ఇంకో మాట, దీన్ని ట్యాప్ అంటున్నారు కదా అని తట్టి తీసేస్తుంటారు చాలామంది. తట్టకూడదు, బీప్ వినపడేదాకా కదపకుండా ఉంచాలి. అసలు చదవడానికి పట్టేది అర సెకను లోపే, కానీ ఆ అర సెకను ఫోన్ అక్కడే ఉండాలి.

రెండోది టైమింగ్. క్యాషియర్ అమౌంట్ కొట్టి మెషిన్‌ని సిద్ధం చేయకముందే ఫోన్ పెడితే అది పట్టించుకోదు. మెషిన్ సిద్ధంగా ఉందో లేదో తెలియడానికి చాలా మోడళ్లలో వరసగా నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. మొదటిది పచ్చగా వెలుగుతుంటే నీ కోసం ఎదురుచూస్తున్నాను అని అర్థం. ఫోన్ ఆనించగానే రెండు, మూడు, నాలుగు అని గబగబా వెలుగుతాయి, నాలుగూ వెలిగి ఒక పొడుగు బీప్ వస్తే చదవడం అయిపోయింది, ఫోన్ తీసేయొచ్చు. రెండు పొట్టి బీప్‌లు వస్తే చాలా మెషిన్లలో కుదరలేదని గుర్తు. ఈ లైట్ల సంగతి తెలిశాక నాకు టెన్షన్ సగం తగ్గింది. అంతకుముందు మెషిన్ వంకా క్యాషియర్ వంకా మార్చి మార్చి చూసేవాణ్ణి, ఇప్పుడు లైట్లు చూస్తే చాలు. కొత్త టచ్ స్క్రీన్ మెషిన్లలో ఆ లైట్లు స్క్రీన్ పైభాగంలో బొమ్మలా వస్తాయి, అర్థం మాత్రం అదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది. ఫోన్ మీద వచ్చే టిక్ మార్కుకి డబ్బులు కట్టినట్టు అర్థం కాదు. నేను ఇవ్వాల్సిన సమాచారం మెషిన్‌కి ఇచ్చేశాను అని మాత్రమే ఫోన్ చెబుతోంది. ఆ తర్వాత మెషిన్ బ్యాంకుని అడగాలి, బ్యాంకు సరే అనాలి, ఆ జవాబు మెషిన్‌కి రావాలి. ఈ మధ్యలో షాపు నెట్ పోయినా, ఖాతాలో డబ్బు చాలకపోయినా, బ్యాంకు వద్దన్నా లావాదేవీ పడదు, ఫోన్ మీద మాత్రం టిక్ మార్కు దర్జాగా కనిపిస్తూనే ఉంటుంది. ఒక చెప్పుల షాపులో నా ముందున్న కుర్రాడికి ఇదే జరిగింది. "చూడండి, నా ఫోన్‌లో డన్ అని వచ్చింది" అంటాడు, క్యాషియర్ అమ్మాయి "సార్, మా దగ్గర డిక్లైన్డ్ అని స్లిప్ వచ్చింది" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అతనికి కోపం, ఆమెకి భయం, వెనక లైను. చివరికి అతను బ్యాంకు యాప్ తెరిచి చూస్తే డబ్బు కట్ కాలేదు, మళ్లీ పెడితే పడింది. క్యూఆర్‌లో మన ఫోన్ చెప్పిందే మొదటి సాక్ష్యం, ఇక్కడ మెషిన్ స్క్రీన్ మీద అప్రూవ్డ్ అని రావడమే సాక్ష్యం. అది రాకుండా కౌంటర్ వదలకండి, అది వచ్చాక క్యాషియర్ మళ్లీ పెట్టమంటే పెట్టకండి, ముందు స్లిప్ చూపించమని అడగండి. కొన్నిసార్లు మెషిన్‌లో ఫెయిల్ అయిన మొత్తం కూడా బ్యాంకు యాప్‌లో పెండింగ్ అని కనిపిస్తుంది, అది సాధారణంగా దానంతట అదే వెనక్కి వచ్చేస్తుంది, కానీ ఆ రోజు ఆ స్లిప్ పారేయకుండా దాచుకోవడం మంచిది.

షాపుల్లో మనుషుల సంగతి కూడా చెప్పాలి. తలుపు మీద ఫోన్ పేమెంట్ గుర్తులన్నీ అంటించి ఉంటాయి, తీరా కౌంటర్ దగ్గరికి వెళ్తే "అది పనిచేయట్లేదండీ, కార్డు ఉంటే ఇవ్వండి" అంటారు. నిజంగా పనిచేయట్లేదా అంటే చాలాచోట్ల అదేం కాదు, మెషిన్‌లో ఆ సౌకర్యం ఉందో లేదో కౌంటర్‌లో ఉన్న మనిషికి ఎవరూ చెప్పలేదు. "ఒకసారి అమౌంట్ కొట్టండి, నేను పెట్టి చూస్తాను" అని మర్యాదగా అడిగితే పడిపోయిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. పడ్డాక వాళ్ల మొహంలో ఆశ్చర్యం చూస్తే, ఆ పిల్లలకి కాస్త ట్రైనింగ్ ఇస్తే ఏం పోయింది ఈ యజమానులకి అనిపిస్తుంది. ఇంకొన్ని చోట్ల మెషిన్ కౌంటర్ లోపల, క్యాషియర్ వైపు తిప్పి పెట్టి ఉంటుంది. అప్పుడు "ఫోన్ ఇలా ఇవ్వండి సార్, నేను పెడతాను" అని చెయ్యి చాపుతారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ లాక్ తీసిన ఫోన్‌ని ఎవరి చేతికీ ఇవ్వకూడదు. అందులో మన కార్డు ఒక్కటే కాదు, మెయిల్ ఉంది, ఫొటోలు ఉన్నాయి, బ్యాంకు యాప్ ఉంది. "మెషిన్ ఇటు తిప్పండి, నేనే పెడతాను" అంటే ఎవరూ కాదనలేదు.

షాపులు ఇలా ఎందుకున్నాయి అంటే దీనికి ఒక చరిత్ర ఉంది. ఫోన్‌తో షాపులో కట్టడం కొత్త ఆలోచనేం కాదు. జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో అనే మొబైల్ కంపెనీ 2004లోనే, దగ్గర పెడితే చదివే సోనీ వాళ్ల ఫెలికా చిప్ పెట్టిన ఫోన్లతో మొదలుపెట్టింది. గూగుల్ 2011లో అమెరికాలో గూగుల్ వాలెట్ తెచ్చింది, కానీ అప్పట్లో అది పనిచేసే ఫోన్లూ తక్కువే, చదివే మెషిన్లూ తక్కువే. 2013లో ఆండ్రాయిడ్ 4.4 వచ్చాక, ఫోన్‌లో విడిగా సెక్యూరిటీ చిప్ లేకపోయినా సాఫ్ట్‌వేర్‌తోనే కార్డులా నటించే వీలు వచ్చింది. 2014 అక్టోబర్‌లో ఆపిల్ పే వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే అమెరికాలో సీవీఎస్, రైట్ ఎయిడ్ అనే రెండు పెద్ద మందుల షాపుల గొలుసులు తమ దగ్గర పనిచేస్తున్న ఎన్ఎఫ్‌సీ మెషిన్లని కావాలనే ఆపేశాయి, ఎందుకంటే అవి చేరిన రిటైలర్ల కూటమి కరెంట్‌సీ అని సొంత క్యూఆర్ యాప్ తయారు చేసుకుంటోంది. కార్డు కంపెనీలకి కట్టే ఫీజు తప్పించుకోవాలని, కొనేవాళ్ల వివరాలు తమ దగ్గరే ఉండాలని వాళ్ల కోరిక. ఆ యాప్ దేశమంతా విడుదల కాకుండానే 2016లో మూతపడింది. అంటే మెషిన్ చేతనైనదే, షాపు వద్దనుకుంది. ఈ ధోరణి పూర్తిగా పోలేదు, కొన్ని పెద్ద గొలుసు షాపులు ఇప్పటికీ తమ సొంత యాప్‌తోనే కట్టమంటాయి.

మెషిన్లు ఇంతగా మారడానికి కారణం ఫోన్ల మీద ప్రేమ కూడా కాదు. అమెరికాలో 2015 అక్టోబర్ నుంచి, చిప్ కార్డు చదవలేని పాత మెషిన్ పెట్టుకున్న షాపులో నకిలీ కార్డు మోసం జరిగితే ఆ నష్టం షాపే భరించాలి అని కార్డు కంపెనీలు రూలు పెట్టాయి. దాంతో షాపులు మెషిన్లు మార్చాయి, కొత్తవాటిలో చాలావాటికి ఎన్ఎఫ్‌సీ కూడా వచ్చేసింది. శామ్‌సంగ్ అయితే ఆగలేక 2015లో ఇంకో దారి పట్టింది, పాత గీకే మెషిన్‌కి కార్డు వెనక ఉండే నల్ల గీత ఎలా కనిపిస్తుందో అలాంటి అయస్కాంత సంకేతం ఫోన్ నుంచే పంపేది. నిజంగా తెలివైన పని, పాత మెషిన్ ఉన్న షాపులో కూడా పనిచేసేది. మెషిన్లు మారిపోయాక దాని అవసరం తగ్గి, తర్వాతి ఫోన్లలో తీసేశారు. 2020లో కరోనా వచ్చాక ఇంక చెప్పేదేముంది, ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు అనేసరికి అప్పటిదాకా పట్టించుకోని షాపులు కూడా దారికొచ్చాయి.

రీఫండ్ దగ్గర మాత్రం ఈ పద్ధతి ఇంకా మనుషుల్ని ఇబ్బంది పెడుతోంది. కొన్న చొక్కా సైజు సరిపోక వెనక్కి ఇవ్వడానికి వెళ్లాను, బిల్లు ఉంది, చొక్కాకి ట్యాగ్ ఉంది. క్యాషియర్ కార్డు చూపించమన్నాడు, చూపించాను. "బిల్లు మీద చివరి నాలుగు అంకెలు వేరే ఉన్నాయి సార్, ఇది ఆ కార్డు కాదు" అన్నాడు. అతని తప్పేం లేదు. ఫోన్‌తో కట్టినప్పుడు మెషిన్‌కి వెళ్లేది కార్డు మీద ఉన్న నంబరు కాదు, ఆ ఫోన్‌కి మాత్రమే ఇచ్చిన వేరే నంబరు, దాన్ని టోకెన్ అంటారు, అందుకే చాలా బిల్లుల మీద దాని చివరి అంకెలే పడతాయి. వాలెట్ యాప్‌లో ఆ కార్డు వివరాల్లోకి వెళ్తే ఈ నంబరు చివరి అంకెలు కనిపిస్తాయి. అది తెరిచి చూపించాను, బిల్లు మీద అంకెలతో కలిశాయి, అయినా అతనికి ధైర్యం చాలక మేనేజర్‌ని పిలిచాడు. మేనేజర్ వచ్చి రీఫండ్ మొత్తం కొట్టి, ఫోన్ మళ్లీ మెషిన్ దగ్గర పెట్టమన్నాడు, అయిపోయింది. కాబట్టి దేనితో కొన్నారో దాన్నే తీసుకెళ్లాలి. ఫోన్‌తో కొంటే ఫోన్, వాచీతో కొంటే వాచీ, ఎందుకంటే ఒకే కార్డు అయినా రెండింటికీ నంబర్లు వేరు. ఇంట్లో ఒకరు కొని ఇంకొకరు తిరిగివ్వడానికి వెళ్లేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఎంత మొత్తం దాకా కట్టొచ్చు అని చాలామంది అడుగుతారు. ప్లాస్టిక్ కార్డుని పిన్ లేకుండా ట్యాప్ చేయడానికి చాలా దేశాల్లో ఒక పరిమితి ఉంటుంది, ఉదాహరణకి బ్రిటన్‌లో 2007లో 10 పౌండ్లతో మొదలై 2021లో 100 పౌండ్లకు చేరింది. ఫోన్‌కి ఈ పరిమితి మామూలుగా వర్తించదు, ఎందుకంటే వేలిముద్రో ముఖమో పిన్నో ఇచ్చి మనమేనని ఫోన్ దగ్గర ముందే రుజువు చేసుకున్నాం. పద్ధతి ప్రకారం అది సరైనదే. కానీ పాత సెట్టింగ్స్‌తో నడిచే మెషిన్లు కొన్ని ఫోన్‌ని కూడా కార్డులాగే చూసి పెద్ద మొత్తం దగ్గర ఆపేస్తాయి. ఫ్రిజ్జో టీవీయో కొనడానికి వెళ్తూ ఫోన్ ఒక్కటే నమ్ముకుని వెళ్లకండి, అంతే నా సలహా.

భద్రత విషయంలో నేను గట్టిగా ఫోన్ పక్షమే. కార్డు చేతికిస్తే దాని మీద నంబరు, తేదీ, వెనక మూడంకెలు అన్నీ కనిపిస్తాయి, ఒక్క ఫొటో చాలు. ఫోన్‌తో కడితే షాపుకి వెళ్లేది టోకెన్, దానితో పాటు ఆ ఒక్క లావాదేవీకి మాత్రమే పనికొచ్చే ఒక కోడ్, పక్కసారికి అది మారిపోతుంది. సినిమా టికెట్ చింపి లోపలికి పంపాక ఆ ముక్క ఎవరికి దొరికినా పనికిరానట్టే, షాపు కంప్యూటర్‌ని ఎవరైనా హ్యాక్ చేసి ఈ వివరాలు ఎత్తుకెళ్లినా వాళ్లకి ఒరిగేదేమీ లేదు. దీనికి కావలసిన ప్రమాణాలని పెద్ద కార్డు కంపెనీలు కలిసి నడిపే ఈఎంవీకో అనే సంస్థ 2014లో ప్రకటించింది, ఆ తర్వాతే ఈ వాలెట్లు ఇంతగా పుంజుకున్నాయి. ఫోన్ పోయినా ఇంకో సుఖం ఉంది, ఇంకో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో లాగిన్ అయి ఆ ఫోన్‌లో ఉన్న కార్డుని ఆపేయొచ్చు, ప్లాస్టిక్ కార్డు మాత్రం మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది. కార్డు పోతే బ్లాక్ చేయించి కొత్తది వచ్చేదాకా రోజులు లెక్కపెట్టుకోవడం ఎంత విసుగో పడ్డవాళ్లకి తెలుసు.

రద్దీలో ఎవరో మెషిన్ పట్టుకుని మన జేబుకి ఆనిస్తే డబ్బులు పోతాయి అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. లాక్ వేసి ఉన్న ఫోన్ మామూలుగా అలా జవాబివ్వదు. ఒక్క మినహాయింపు ఉంది, అది దాచి లాభం లేదు. 2021లో బర్మింగ్‌హామ్, సర్రే యూనివర్సిటీల పరిశోధకులు ఐఫోన్‌లో ఎక్స్‌ప్రెస్ ట్రాన్సిట్ అనే సౌకర్యానికి వీసా కార్డు పెట్టుకుని ఉంటే, లాక్ తీయకుండానే పెద్ద మొత్తం లాగొచ్చని తమ పరికరాలతో చేసి చూపించారు. ఆ సౌకర్యం మెట్రో గేట్ల దగ్గర ఫోన్ లాక్ తీయకుండా వెళ్లిపోవడానికి పెట్టింది. బయట ప్రపంచంలో ఇలా చేయడం ఆచరణలో కష్టమని వీసా జవాబిచ్చింది. మీరు మెట్రోకి వాడకపోతే దాన్ని ఆఫ్ చేసేయండి, పోయేదేమీ లేదు.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. దొంగకి మీ ఫోన్ అక్కర్లేదు, మీ కార్డుని తన ఫోన్‌లోకి ఎక్కించుకుంటే చాలు. అందుకు కావలసింది కార్డు వివరాలు, బ్యాంకు మీకు పంపే ఓటీపీ. పార్సిల్ ఆగిపోయింది, చిన్న మొత్తం కట్టండి అని లింకు పంపి కార్డు నంబరు తీసుకుంటారు, వెంటనే ఓటీపీ అడుగుతారు, మీరు ఆ చిన్న మొత్తానికే అనుకుని ఇచ్చేస్తారు. ఆ తర్వాత దొంగ ఫోన్‌లో మీ కార్డు ఉంటుంది, వాడు తన వేలిముద్రతో షాపుల్లో కొనేసుకుంటాడు. ఓటీపీ మెసేజ్‌లో సాధారణంగా వాలెట్‌కి కార్డు జోడించడానికి అని రాసి ఉంటుంది, అంకెలు చూసి ఆగిపోకుండా ఆ వాక్యం చదవండి. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూర్చోబెట్టి చెప్పండి దయచేసి.

పెద్దవాళ్లంటే గుర్తొచ్చింది, మా అమ్మకి ఈ పద్ధతి ఎంత మేలు చేసిందో చెప్పాలి. ఆమెకి చూపు తగ్గింది, కార్డు మెషిన్ మీది అంకెలు సరిగ్గా కనిపించవు, పైగా కొత్త మెషిన్లలో బటన్లు కూడా లేవు, నున్నటి గాజు మీద తడిమితే ఏ అంకె ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? అందుకని పిన్ ఎవరికో ఒకరికి చెప్పి నొక్కించుకునేది, అది నాకు ఎప్పుడూ గుండెల్లో గుబులుగానే ఉండేది. ఇప్పుడు తన ఫోన్ తనకి తెలిసిన చోట తెరుస్తుంది, మెషిన్ దగ్గర పెడుతుంది, చేతిలో ఫోన్ వణికి తెలుస్తుంది. మొదట్లో వేలిముద్ర సరిగ్గా పడేది కాదు, వయసుతో వేళ్లు అరిగిపోయాయి, పనులు చేసిన చేతులు. రెండు బొటనవేళ్లనీ రెండేసి సార్లు నమోదు చేశాక కుదిరింది, కుదరని రోజు ఫోన్ పిన్ కొడుతుంది. మేం రోజూ వెళ్లే షాపులో ఒక కుర్రాడు "అమ్మా, ఒక్క నిమిషం, నేను పెట్టమన్నాక పెట్టండి" అని అమౌంట్ కొట్టి, మెషిన్‌ని ఆమె చేతి దగ్గరికి జరిపి, మొత్తం ఎంతో గట్టిగా చదివి, అప్పుడు పెట్టమంటాడు. అంతకు మించి ఏ షాపూ ఏమీ చేయక్కర్లేదు.

చార్జింగ్ విషయం సూటిగా చెబుతాను. ఫోన్ చచ్చిపోతే షాపులో కట్టలేరు. కొన్ని ఐఫోన్లలో బ్యాటరీ అయిపోయాక కూడా కొంతసేపు పనిచేసే రిజర్వ్ ఉంటుంది కానీ అది మెట్రో గేట్లు, తాళాల్లాంటి ఎక్స్‌ప్రెస్ వాటికే, కౌంటర్ దగ్గర బిల్లుకి పనికిరాదు. స్మార్ట్ వాచీ ఉన్నవాళ్లకి ఇది తప్పుతుంది, ఆపిల్ వాచీ లాంటివి పక్కన ఫోన్ లేకపోయినా కడతాయి, రెండు చేతుల్లో సంచులున్నప్పుడు మణికట్టు ఆనించి వెళ్లిపోవడం అన్నిటికన్నా హాయి. ఫోన్ కవర్ కూడా చూసుకోండి. మామూలు ప్లాస్టిక్, రబ్బరు కవర్లతో ఇబ్బంది లేదు. లోహం కవర్లు, కారులో అతికించడానికి వెనక పెట్టే ఇనుప రేకు మాత్రం సిగ్నల్‌ని అడ్డుకుంటాయి. కవర్ జేబులో ఇంకో ట్యాప్ కార్డు పెట్టుకుంటే మెషిన్ దేన్ని చదవాలో తేల్చుకోలేక ఆగిపోవచ్చు, ఒక్కోసారి ఫోన్‌ని వదిలేసి ఆ కార్డు నుంచే తీసుకుంటుంది కూడా.

ఆండ్రాయిడ్ వాళ్లకి ఇంకో చిన్న మాట. ఫోన్‌లో రెండు మూడు పేమెంట్ యాప్‌లు ఉంటే ట్యాప్‌కి ఏది జవాబివ్వాలో సెట్టింగ్స్‌లో మీరే ఎంచుకోవాలి, కాంటాక్ట్‌లెస్ పేమెంట్స్ అని ఉంటుంది చూడండి. ఎన్ఎఫ్‌సీ ఆన్‌లో ఉందో లేదో కూడా అక్కడే. ఫోన్ రూట్ చేసుకున్నవాళ్లకి, అంటే కంపెనీ పెట్టిన అడ్డుకట్టలు తీసేసి ఫోన్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్నవాళ్లకి, గూగుల్ వాలెట్ సాధారణంగా ట్యాప్ చేయనివ్వదు. ఐఫోన్‌లో చాలా ఏళ్లు ఆపిల్ పే తప్ప ఇంకోదానికి ఈ రేడియో వాడే వీలే లేదు, 2024లో యూరోపియన్ కమిషన్ ఒత్తిడితో అక్కడ వేరే వాలెట్లకి కూడా తెరుస్తామని ఆపిల్ ఒప్పుకుంది. వాడేవాళ్లకి ఎంపిక ఉండటం నాకు సంతోషమే.

షాపుల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లని నేను అడిగేది పెద్దదేం కాదు. మెషిన్‌ని కొనేవాళ్ల వైపు తిప్పి పెట్టండి, వైరు పొట్టిగా ఉంటే పొడుగుది తెప్పించండి. ఆ నాలుగు గీతల గుర్తు మీద స్టిక్కర్లు అంటించకండి. పొద్దున షాపు తెరవగానే ఎవరో ఒకరు తమ ఫోన్‌తో ఒక చిన్న మొత్తం కట్టి చూస్తే, మధ్యాహ్నం రద్దీలో "పనిచేయట్లేదండీ" అనే మాట రాదు. మీ కౌంటర్ పిల్లలకి రీఫండ్ ఎలా ఇవ్వాలో, బిల్లు మీద అంకెలు ఎందుకు వేరుగా ఉంటాయో ఒకసారి చెప్పండి, మేనేజర్ కోసం ఎదురుచూసే బాధ తప్పుతుంది. చిన్న షాపు అయితే మెషిన్ కొనే ఖర్చు కూడా ఉండకపోవచ్చు, ఇప్పుడు చాలా దేశాల్లో మామూలు ఫోన్‌నే మెషిన్‌లా మార్చే యాప్‌లు ఉన్నాయి, ఆపిల్ కూడా 2022లో ఐఫోన్‌కి ఈ సౌకర్యం ప్రకటించింది. ఒక పుస్తకాల స్టాల్‌లో అలా నా ఫోన్‌ని వాళ్ల ఫోన్ వీపుకి ఆనించి కట్టాను, పెద్ద షాపుల మెషిన్ల కన్నా సాఫీగా అయింది.

మొత్తానికి నేను ఇప్పుడు మామూలు కొనుగోళ్లన్నిటికీ ఫోనే ముందు తీస్తున్నాను, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కూడా భయం లేకుండా మొదలుపెట్టొచ్చు. కార్డు మాత్రం ఒకటి పర్సులో ఉంచుకుంటున్నాను, అదీ పెద్ద వస్తువు కొనడానికి వెళ్లినప్పుడు, ఇంటికి చేరేసరికి ఫోన్‌లో చార్జింగ్ ఉంటుందో లేదో తెలియనప్పుడు. మొదటిసారి వాడేవాళ్లు లైను లేని సమయంలో, చిన్న బిల్లుతో, మీకు తెలిసిన షాపులో పెట్టి చూడండి.